గోడౌను కనపడటం లేదు

27 జూలై, ఆదివారం

అప్‌డేట్ అయిపోయింది. నేనే చేశాను. ఎవరి సాయమూ లేకుండా, భోజనానికి కూడా లేవకుండా చేశాను. మార్కాపురంలో ఈ పని చేయగల మనిషి ఇంకొకడు ఉంటే వచ్చి నా ముందు నిలబడమనండి.

నిజానికి ఇది పోయిన నెలలోనే కావాల్సింది. సర్వర్ సాఫ్ట్‌వేర్ పాతబడిందని కంపెనీవాళ్ళు మెయిల్ మీద మెయిల్ పెడుతుంటే మామయ్య ఆషాఢం పోనీరా అని కూర్చున్నాడు. మనిషి ఊపిరితిత్తుల్ని పొరలు పొరలుగా ఫొటో తీసే మిషను కొన్న మనిషి, కరుణాకరం సిద్ధాంతిగారు చెప్పందే దాని ప్లగ్గు కూడా పెట్టనివ్వడు. కాశీవిశ్వనాథం స్కాన్ సెంటర్ అంటే గిద్దలూరు నుంచి కనిగిరి దాకా పేరుంది. లోపల నడిచేది మాత్రం పంచాంగం.

సరే, శ్రావణం వచ్చింది, ముహూర్తం వచ్చింది, పొద్దున పూజ అయింది. విశాలాక్షి అత్తయ్య పసుపు, గంధం, కుంకుమ, నిమ్మకాయలు పళ్ళెంలో పెట్టుకుని సర్వర్ రూములోకి వచ్చింది. అగరొత్తులు వద్దని నేను పోట్లాడాను. పొగ తగిలితే అలారం మోగి ఫైరింజను వస్తుందన్నాను. అలారం లేదు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. మిషను మీద బొట్లు కూడా వద్దన్నాను. ఇది సైన్సు, లారీ కాదు అన్నాను. అత్తయ్య ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. కౌంటర్లో గాయత్రి గాజు తలుపులోంచి చూసి నవ్వుతూ ఉంది. నవ్వనీ.

అందరూ పోయాక తలుపు వేసుకున్నాను. ముందు దుమ్ము తుడిచాను. స్టోరేజ్ డబ్బా వెనక ఉన్న రెండు కేబుళ్ళూ ఊడదీసి శుభ్రంగా తుడిచాను. గంధం గిన్నె అక్కడే మర్చిపోయి పోయింది అత్తయ్య. పాపం, పెద్దామె బాధపడిందని నేనే ఒక బొట్టు పెట్టాను. ముందువైపు పెడితే గాయత్రికి కనపడుతుంది, నా మాట పోతుంది. అందుకని వెనకవైపు, కేబుళ్ళు దిగే చోట పెట్టాను. ఒకదానికి పెట్టి రెండోదానికి పెట్టకపోతే బాగుండదు కదా, రెండింటికీ పెట్టాను. నాకు అట్లాంటి నమ్మకాలు ఏమీ లేవు.

కొత్త వెర్షన్ బాగుంది. స్క్రీన్ చల్లటి నీలం రంగు. స్టోరేజ్ ఇంకా కనపడటం లేదు. కాసేపు ఆగితే వస్తుంది.

28 జూలై

రాలేదు.

28 జూలై, సాయంత్రం

మామయ్య తన బంధువులకు అర్థమయ్యేట్టు చెప్పడం విన్నాను. సర్వర్ అంటే ఒకే ఇల్లట. సాఫ్ట్‌వేర్ దాన్ని నాలుగు పోర్షన్లు చేసి నలుగురికి అద్దెకిస్తుందట. పెరట్లో అందరికీ కలిపి ఒక గోడౌను ఉందట, అదే స్టోరేజ్ డబ్బా. పాత స్కాన్లన్నీ అందులో. ఇప్పుడు ఇల్లుంది, పోర్షన్లున్నాయి, గోడౌను కనపడటం లేదు.

ఇంత తేలిగ్గా చెప్పడం నాకు నచ్చలేదు. కానీ తప్పని కూడా అనలేను. కొత్తగా తీసే స్కాన్లు మిషనులోనే ఆగుతున్నాయి కాబట్టి వ్యాపారం నడుస్తోంది. పాతవి మాత్రం ఒక్కటీ రావడం లేదు. ఎవరన్నా పాత స్కాన్ అడిగితే సర్వర్ ధ్యానంలో ఉందని చెబుతోందట గాయత్రి. మందలించాను.

29 జూలై

హైదరాబాదులో డబ్బా అమ్మినవాళ్ళ ఇంజనీరు రాజేష్‌తో ఫోన్లో మాట్లాడాను. కుర్రాడు. గొంతు వింటేనే తెలుస్తోంది, ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. కేబుళ్ళు ఏమన్నా కదిలించారా సార్ అని మొదటి ప్రశ్న. నన్ను! ముట్టుకోలేదని చెప్పాను. ముట్టుకోవడం వేరు, తుడవడం వేరు.

డబ్బా వెనక లైట్లు వెలుగుతున్నాయా అన్నాడు. లేదన్నాను. ఒకసారి కేబుల్ తీసి పెట్టి చూడండి అన్నాడు. చూస్తానని ఫోను బల్ల మీద పెట్టి, టీ తాగి వచ్చి, చూశాను లేదు అని చెప్పాను. పదేళ్ళ అనుభవం ఉన్నవాడితో ఇంటర్ పిల్లల ప్రయోగాలు చేయించాలని చూస్తాడు. లోపం కొత్త వెర్షన్‌లో ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

బ్యాకప్ ఉందా అని అడిగాడు. ఉందని చెప్పాను.

30 జూలై

ఈరోజు ఒకామె వచ్చింది. పేరు శ్రీశైలమ్మ. బేస్తవారిపేట అవతల పల్లె, గొర్రెల మంద ఉంది. మొగుడు ఓబులయ్యకు దగ్గు తగ్గకపోతే గుంటూరు తీసుకుపోయారు. అక్కడ స్కాన్ తీసి కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. వచ్చే నెల పదకొండో తేదీన చేర్చుకుని రొమ్ము కోసి చూస్తామన్నారు. అయితే పాత స్కాన్ ఏదన్నా ఉంటే తెమ్మన్నాడట డాక్టరు. ఈ మచ్చ ఏళ్ళ క్రితమే ఇంతే ఉంటే కోయాల్సిన పని లేదట, పాత మచ్చను దాని మానాన వదిలేస్తారట. కొత్తగా వచ్చిందైతేనే భయమట.

పాత స్కాన్ ఉంది. 2019లో పొట్టేలు కుమ్మితే పక్కటెముకలు విరిగాయేమోనని మా దగ్గరే తీయించారు. రిపోర్టు కాగితం తెచ్చింది. అందులో ఎముకల సంగతే ఉంది. ఫిల్ములేవమ్మా అంటే, ఆ ఏడు సూర్యగ్రహణం వచ్చినప్పుడు పల్లెలో పిల్లలందరూ తలా ఒక ముక్క కత్తిరించుకున్నారట. మొగుడి రొమ్ములోంచి ఊరంతా సూర్యుణ్ణి చూసింది.

"అయితే ఆ ఫొటో మీ మిషనులో ఉంటాది కదా నాయనా," అన్నది.

ఉంటుంది, రేపు రమ్మన్నాను.

31 జూలై

వచ్చింది. రేపు రమ్మన్నాను.

1 ఆగస్టు, శుక్రవారం

ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా ఏడుస్తోంది. ఈ వెర్షన్‌కు మారాక స్టోరేజ్ కనపడటం లేదని బ్రెజిల్ నుంచి ఒకడు రాశాడు, పోలండ్ నుంచి ఒకడు రాశాడు. చదువుతుంటే ప్రాణం లేచి వచ్చింది. నేను ఒంటరివాణ్ణి కాదు.

పోలండ్‌వాడు కింద ఇంకో మాట రాశాడు, చివరికి చూస్తే కేబుల్ సమస్య అని. వాడి ఖర్మ. వాళ్ళ దేశంలో పనివాళ్ళు అట్లా ఉంటారు కాబోలు.

ధైర్యం చేసి కొత్త వెర్షన్ తీసేసి పాతదే మళ్ళీ ఎక్కించాను. పోయిన వారం దాకా భేషుగ్గా నడిచిన వెర్షనే. అందులో కూడా గోడౌను కనపడలేదు. దీన్నిబట్టి తేలిందేమంటే కొత్త వెర్షన్ పాత వెర్షన్‌ను కూడా పాడుచేసి పోయింది. ఇంత ఘోరం నేను ఎక్కడా చూడలేదు. రాజేష్‌కు ఘాటుగా మెయిల్ పెట్టాను.

2 ఆగస్టు

కరుణాకరం సిద్ధాంతిగారు వచ్చి సర్వర్ రూము చూశారు. సర్వరూ డబ్బా పెట్టిన బీరువా దక్షిణం వైపు ముఖం పెట్టుకుని ఉందట, ఇక సరుకు ఎట్లా కనపడుతుంది అన్నారు. మామయ్య నావైపు చూశాడు, దక్షిణం వైపు పెట్టింది నేనే అన్నట్టు. ఏసీ ఉన్న వైపు పెట్టాను. ఆ మాట చెప్తే వినేవాళ్ళు లేరు.

అందరం కలిసి నెట్టి తూర్పుకు తిప్పాం. అత్తయ్య ఈసారి నన్ను అడగకుండానే డబ్బా ముందు భాగమంతా బొట్లు పెట్టింది. నేను ఊరుకున్నాను. పదిమందిలో ఒక్కణ్ణి, ఎంతని కొట్లాడను. గోడౌను రాలేదు. సిద్ధాంతిగారు ఫలితం నెమ్మది మీద కనపడుతుందని చెప్పి కాఫీ తాగి వెళ్ళారు. రాజేష్ కూడా నిన్న ఇంచుమించు అదే మాట అన్నాడు. అతనికి కాఫీ ఇచ్చే అవకాశం లేదు.

గాయత్రి భోజనం దగ్గర అడిగింది, అన్నా, నీకు నిజంగా తెలుసా, తెలిసినట్టు ఉంటావా అని. ఈ కాలం పిల్లలకు పెద్దంతరం చిన్నంతరం లేదు.

4 ఆగస్టు, సోమవారం

రాజేష్ తేల్చేశాడు. డబ్బాను మొత్తం రీసెట్ చేయమన్నాడు. కొన్న రోజు ఎట్లా ఉందో అట్లా అయిపోతుంది, లోపలిదంతా చెరిగిపోతుంది, అప్పుడు బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించుకోండి అన్నాడు. చాలా సులభమట.

మామయ్య స్పీకర్లో విన్నాడు.

"బ్యాకప్ ఉంది కదరా ఫణీ?"

ఉంది మామయ్యా అన్నాను.

ఆయన వెంటనే సిద్ధాంతిగారికి ఫోన్ చేశాడు. చెరపడానికి కూడా ముహూర్తం కావాలి కదా. గురువారం పొద్దున బాగుందట.

5 ఆగస్టు

బ్యాకప్ ఉంది. ఎక్కడ ఉందో ఇవాళ చూశాను.

5 ఆగస్టు, మళ్ళీ

గోడౌనులోనే ఉంది.

ప్రతి ఆదివారం గోడౌనులో ఉన్న సరుకంతా జాగ్రత్తగా నకలు తీసి అదే గోడౌనులో ఇంకో మూల పేరుస్తోంది సిస్టం. నేను పెట్టిన ఏర్పాటే. ప్రతి సోమవారం బ్యాకప్ విజయవంతం అని పచ్చటి మెయిల్ వచ్చేది. ఆ మెయిల్ మామయ్యకు కూడా పంపేవాణ్ణి. వేరే డబ్బా కొనడానికి అప్పట్లో మామయ్య ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదో, నేను అడగలేదో సరిగ్గా గుర్తు లేదు. ఒప్పుకోలేదనే అనుకుంటున్నాను.



6 ఆగస్టు

మామయ్యకు చెప్పాలనుకుని ఆయన గది దాకా పోయాను. ఆయన ఎవరితోనో ఫోన్లో, మా ఫణి ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే హైదరాబాదు నుంచి ఇంజనీర్లను దింపాల్సి వచ్చేది అని చెబుతున్నాడు. అట్లాంటప్పుడు అడ్డం పడి మాట్లాడటం మర్యాద కాదు. తిరిగి వచ్చేశాను.

శ్రీశైలమ్మ పొద్దుటి నుంచీ బెంచీ మీదే ఉంది. ఇప్పుడు ఆమెకు గాయత్రే టీ తెచ్చిస్తోంది. మందను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి రోజూ బస్సెక్కి వస్తోంది. నేను అటు పోతే ఎదురుపడుతుందని ఎక్స్‌రే గది చుట్టూ తిరిగి పోతున్నాను. అట్లా తిరుగుతుంటే అక్కడే పట్టుకుంది. కోపంగా ఏమీ లేదు. రొమ్ము కోస్తే తన మొగుడు మళ్ళీ కొండ ఎక్కలేడని, కొండ ఎక్కకపోతే బతకలేడని చెప్పింది. ఆ పొట్టేలును అప్పుడే అమ్మేద్దామని తను అంటే, అది కుమ్మింది నన్ను కదా నీకెందుకు అని ఆయన ఉంచుకున్నాడట. దాని పిల్లలే ఇప్పుడు మంద సగం.

"నువ్వు ఎదకతా ఉండావని తెలుసులే నాయనా. కళ్ళు చూడు ఎట్ల లోతుకు పోయినాయో."

నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది.

సాయంత్రం గాయత్రి సూటిగా అడిగింది. రేపు చెరిపేస్తే ఆ పెద్దాయన స్కాన్ పోదు కదా అన్నా అని. బ్యాకప్ ఉందన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసింది. అడిగితే చెప్పేసేవాణ్ణి. అడగలేదు.

7 ఆగస్టు, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

పొద్దున అందరూ సర్వర్ రూములో చేరారు. మామయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. సిద్ధాంతిగారు గడియారం చూస్తున్నారు. రాజేష్ ఫోన్లో ఉన్నాడు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో, ఇందులో ఉన్నదంతా శాశ్వతంగా చెరిగిపోతుంది, సమ్మతమేనా అని ప్రశ్న. వేలు మౌస్ మీద ఉంది. నొక్కితే నిజం బయటపడటానికి ఇంకో పూట పడుతుంది. నొక్కకపోతే ఇప్పుడే చెప్పాలి. ఒక పూట గౌరవం కోసం నేను ఓబులయ్య రొమ్ము కోయించడానికి తయారయ్యాను. ఇంతకంటే తేటగా రాయలేను.

అప్పుడు శ్రీశైలమ్మ లోపలికి వచ్చింది. గాయత్రే పంపించింది. చేతిలో కాగితం పొట్లం. వాళ్ళ ఊరి అంకమ్మ గుడి కుంకుమ. మిషనుకు ఒక్క బొట్టు పెట్టి పోతానంది. నేను వద్దనబోయాను. మామయ్య పెట్టనీరా అన్నాడు. సిద్ధాంతిగారు ఇంకా టైముందన్నారు.

డబ్బా ముందు భాగంలో అత్తయ్య ఎక్కడా ఖాళీ ఉంచలేదు. ఈమె వెనక్కి పోయింది. వంగి చూసి, యాడ పెట్టమంటావు నాయనా అని అడిగింది. నాకు విసుగొచ్చింది. అంత భయంలో కూడా విసుగు మాత్రం వచ్చింది.

"యాడన్నా పెట్టు. ఆ కేబుళ్ళు దూరే బొక్కల్లో మాత్రం పెట్టబాక. వాటిల్లోంచి వెలుతురు పోవాల."

అన్నది నేనే. నా నోటితోనే.

ఆ కేబుళ్ళలో పోయేది కరెంటు కాదు, వెలుతురు. గాజు దారం. వెంట్రుక కంటే సన్నం. దుమ్ము కణం పడితేనే పాడవుతుందని మొదటి సంవత్సరం ట్రైనింగులో చెప్పారు. నేను దానికి గంధం పెట్టాను. రెండింటికీ. ఒకటి పాడైతే రెండోది పనిచేయడానికని కంపెనీవాడు రెండు దారులు ఇస్తే, బాగుండదని రెండూ మూశాను.

అందరినీ బయటికి పొమ్మన్నాను. కేబుళ్ళలోంచి ప్రమాదకరమైన కిరణాలు వస్తాయి, కళ్ళు పోతాయి అన్నాను. సిద్ధాంతిగారు అందరికంటే ముందు వెళ్ళారు. రాజేష్‌కు లైను కట్ అయింది, అంటే నేను కట్ చేశాను. గాయత్రిని పిలిచి స్పిరిటు, చెవిలో పెట్టే దూది పుల్లలు తెమ్మన్నాను. ఎందుకని అడగకుండా తెచ్చింది.

కేబుల్ ఊడదీస్తే కొసన పచ్చటి పెళ్ళ. ఎండి గట్టిపడింది. పుల్లతో తీస్తుంటే మంచి వాసన వచ్చింది. కొసలూ బొక్కలూ శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ గుచ్చాను. మొదటి లైటు వెలిగింది. రెండోది కూడా వెలిగింది. స్క్రీన్ మీద గోడౌను వచ్చింది, ఎక్కడికో పోయి వచ్చినట్టు కాదు, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు వచ్చింది.

ఓబులయ్య అని కొట్టాను. 2019. పక్కటెముకలు. వెనక ఊపిరితిత్తులు. ఉన్నాయి.

కింద కూర్చుని ఏడ్చాను. గాయత్రి చూసింది. ఏసీ గాలి కళ్ళలోకి కొడుతోందని చెప్పాను. ఆ పిల్ల కింద పడిన దూది పుల్లలు చూసింది, పచ్చగా ఉన్నాయి. ఏరి చెత్తబుట్టలో వేసి పైన ఒక కాగితం కప్పింది.

సాయంత్రంలోపు సీడీ చేసి శ్రీశైలమ్మకు ఇచ్చాను.

8 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అత్తయ్య ఇంట్లో భోజనం. నేను తింటుంటే వచ్చినవాళ్ళందరికీ మామయ్య కథ చెబుతున్నాడు. సరిగ్గా ముహూర్తం ఘడియకు వచ్చిందట, ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదట. బీరువా తూర్పుకు తిప్పినందుకు వచ్చిందని సిద్ధాంతిగారు అన్నారు. తను పెట్టిన బొట్ల వల్ల అని అత్తయ్య. రాజేష్ తన సలహా వల్ల సమస్య పరిష్కారమైందని మెయిల్ పెట్టి కేసు మూసేశాడు. సేవ ఎట్లా ఉందో నక్షత్రాలు ఇవ్వమని అడిగాడు. ఐదు ఇచ్చాను.

మామయ్య నన్ను రాతపూర్వకంగా కారణం రాసివ్వమన్నాడు. కొత్త వెర్షన్‌కూ కాంతి మార్గానికీ మధ్య తాత్కాలిక అవరోధం అని రాశాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఇకమీదట ప్రతి అప్‌డేట్‌కూ ముందు పూజ తప్పనిసరి అన్నాడు మామయ్య. ఈసారి నువ్వు కూడా నీ చేత్తో ఒక బొట్టు పెట్టాలిరా అన్నాడు. గాయత్రికి పొలమారింది. నీళ్ళు ఇచ్చాను.

11 ఆగస్టు, సోమవారం

చేర్చుకుంటామన్న రోజు ఇవాళే. పొద్దుటి నుంచీ ఏ పనీ చేయబుద్ధి కాలేదు. గుంటూరు ఫోన్ చేద్దామంటే నా దగ్గర వాళ్ళ నంబరు లేదు. మచ్చ పాతది కాకపోతే? అప్పుడు కూడా కోస్తారు కదా. నేను తొందరగా తుడిచి ఉంటే వారం ముందే తెలిసేది కదా. ఇవన్నీ కూర్చుని ఆలోచించాను.

మధ్యాహ్నం దాటాక ఇద్దరూ వచ్చారు. స్టేషన్లో రైలు దిగి ఇంటికి కూడా పోకుండా ఇటే వచ్చారట. ఓబులయ్యను మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, సిగ్గుపడుతూ ఉన్నాడు. డాక్టరు పొద్దున్నే రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి కొలిచాడట. అప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. కోయక్కర్లేదు, దగ్గుకు మందులు వాడమన్నాడట. చెప్పి దగ్గాడు.

నేను ఏదో అనబోయాను. తప్పు నాది అని చెప్పడానికే నోరు తెరిచాను, నిజంగానే. శ్రీశైలమ్మ పొట్లం విప్పింది.

"నిలబడు నాయనా. మిషనుకు పెట్టినా గానీ నీకు పెట్టలేదు."

నుదుటి మధ్యన పెట్టింది. వేలు గరుకుగా ఉంది. నోరు మూసుకున్నాను.

సాయంత్రం దాకా చెరుపుకోలేదు. ఇంటికి వచ్చి ముఖం కడుక్కునేటప్పుడు కూడా దాని చుట్టూ కడిగాను.

20 ఆగస్టు

బ్యాకప్ కోసం వేరే డబ్బా తెప్పించాను. ఈసారి నేనే అడిగాను. మామయ్య వెంటనే సరేనన్నాడు. ఎప్పుడు అడిగినా ఇచ్చేవాణ్ణి కదరా అన్నాడు.

డబ్బాను వేరే గదిలో, వేరే గోడకు పెట్టాను. అంతా కొత్తగా ఎక్కించి, ఓబులయ్య స్కాన్ తెరిచి చూసుకున్నాను. వచ్చింది. దీనికి బొట్టు గిట్టు ఏమీ పెట్టలేదు.

21 ఆగస్టు

పెట్టాను. ముందువైపు.